పాత కెనాన్ 450డి, 720 నానోమీటర్ల గాజు, విశాఖ సముద్రపు గాలి

కెనాన్ 450డి 2008లో మార్కెట్లోకి వచ్చిన కెమెరా. 12 మెగాపిక్సెళ్ళ సెన్సర్, మూడంగుళాల తెర, తీయబోయే దృశ్యాన్ని తెర మీదే చూపే లైవ్ వ్యూ సౌకర్యం ఉన్న ఆ కెమెరాను ఆ రోజుల్లో నేను ఏడాది పాటు జీతంలో కొంత పక్కన పెట్టుకుని కొన్నాను. తరువాత కొత్త కెమెరా వచ్చింది. పాతది సిలికా జెల్ పొట్లాలతో సహా ఒక ప్లాస్టిక్ డబ్బాలో బీరువా పై అరకు చేరింది. అమ్మితే నాలుగు వేలకు మించి రాదన్నారు. గడచిన ఆగస్టులో దాన్ని పరారుణ ఛాయాచిత్రాలకు, అంటే ఇన్‌ఫ్రారెడ్ ఫొటోలకు మాత్రమే పనికివచ్చేటట్టు మార్పించాను. ఏడు నెలలుగా దాన్ని విశాఖపట్నంలోనూ చుట్టుపక్కలా వాడుతున్నాను. ఈ సమీక్ష ఆ మార్పిడి పని గురించీ, ఆ పని చేసిన దుకాణం గురించీ, ఆ కెమెరా ఇప్పుడు ఇస్తున్న ఫలితం గురించీ. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు. యజమాని ఒక్కరే కూర్చుని చేసుకునే పని అది. చేతిలో ఉన్న మరమ్మతులే సకాలంలో ఇవ్వలేకపోతున్నానని, పేరు బయట పెట్టవద్దని ఆయనే కోరారు.

మన కంటికి కనిపించే వెలుగు సుమారు 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వరకు ఉంటుంది. ఎరుపు దాటాక కంటికి అందని కిరణాలు ఉన్నాయని 1800లో విలియం హెర్షెల్ పట్టకంతోనూ ఉష్ణమాపకంతోనూ కనుగొన్నాడు. కెమెరాలోని సిలికాన్ సెన్సర్ మాత్రం ఆ కిరణాలను దాదాపు 1100 నానోమీటర్ల దాకా చూడగలదు. అలా చూస్తే మామూలు ఫొటోల్లో రంగులు చెడిపోతాయి కనుక తయారీదారులు సెన్సర్ ముందు పరారుణాన్ని అడ్డుకునే గాజును బిగిస్తారు. మార్పిడి అంటే ఆ గాజును తీసివేసి, దాని స్థానంలో కనిపించే వెలుగును ఆపి పరారుణాన్ని మాత్రమే లోపలికి వదిలే మరో గాజును బిగించడం. ఒకసారి బిగించాక ఆ కెమెరాతో మామూలు రంగుల ఫొటోలు రావు. ఇది వేడిని చూపించే కెమెరా కూడా కాదు. శరీరపు వేడిని పట్టే థర్మల్ కెమెరాలు 8 నుంచి 14 మైక్రోమీటర్ల దగ్గర పనిచేసే వేరే జాతి పరికరాలు. దుకాణంలో నా పక్కన నిలబడిన ఇద్దరు ముగ్గురు ఈ రెండింటినీ ఒకటిగానే అనుకున్నారు కాబట్టి ఈ మాట ముందే చెప్పాను.

మార్పిడి చేయించకుండానే పరారుణ ఫొటోలు తీసే పద్ధతి ఒకటి ఉంది. లెన్స్ ముందు హోయా ఆర్72 వంటి ఫిల్టర్ తిప్పి బిగిస్తే చాలు. నేను రెండేళ్ళు ఆ పద్ధతిలోనే తీశాను. అయితే లోపలి గాజు పరారుణాన్ని అడ్డుకుంటుంది, బయటి గాజు మామూలు వెలుగును అడ్డుకుంటుంది. రెండింటి మధ్య నుంచి తప్పించుకుని సెన్సర్‌కు చేరేది అతి కొద్ది వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా నా కెమెరాకు ఇరవై నుంచి ముప్పై సెకన్లు పట్టేది. ఇతర ఊళ్ళలో ఉండేవారికి అది ఓపికతో గట్టెక్కే చిక్కే కావచ్చు. విశాఖలో అలా కాదు. ఇక్కడ పొద్దెక్కేసరికి సముద్రం మీది గాలి మొదలవుతుంది, సాయంత్రం దాకా ఆగదు. సరిగ్గా పరారుణానికి కావలసిన ఎండ ఉన్న గంటల్లోనే అది ఊపందుకుంటుంది. ముప్పై సెకన్లలో కొబ్బరి మట్ట వంద సార్లు ఊగుతుంది. ఫొటోలో మట్ట ఉండదు, తెల్లటి మరక ఉంటుంది. పరారుణ చిత్రానికి ప్రాణమే ఆకు. ఆకు అంచు తెగి కనిపించకపోతే ఆ చిత్రంలో చూడవలసింది ఏమీ మిగలదు. కైలాసగిరి మీద, రుషికొండ దగ్గర, భీమిలి దారిలోని సరుగుడు తోటల్లో నేను తీసిన నూటికి తొంభై చిత్రాలు ఈ కారణంగానే పారేశాను.

కాబట్టి ఈ మార్పిడిలో నాకు ముఖ్యమైనది వింత రంగులు కాదు. ట్రైపాడ్ లేకుండా, కెమెరాను చేతిలో పట్టుకుని, ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) 200, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8 దగ్గర సెకనులో 125వ వంతులో ఆకును ఆకుగా నిలబెట్టగలగడం. ఈ ఒక్క కొలమానంతో చూస్తే పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితం దక్కింది. ఇక వివరాలు.

నగరంలో ఈ పని చేసేవారిని పట్టుకోవడానికి నెల పట్టింది. మొదట అడిగిన ఒక చోట అసలు ఇలాంటి పని ఉంటుందనే నమ్మలేదు. చివరికి జగదాంబ జంక్షన్ నుంచి డాబాగార్డెన్స్ వైపు వెళ్ళే దారిలో, మేడ మీద ఉన్న ఒక చిన్న కెమెరా మరమ్మతు దుకాణం గురించి తెలిసింది. యజమాని పెద్దవయసు ఆయన. ఫిల్ము కెమెరాల రోజుల నుంచీ లెన్సుల్లో పట్టిన బూజు తుడవడమే ఆయనకు ప్రధాన ఉపాధి. ఈ ఊరి తేమలో ఆ ఉపాధికి లోటు లేదు. నేను సంగతి చెప్పగానే కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి, టీవీ రిమోట్ తీసుకుని లెన్సుకు ఎదురుగా పెట్టి నొక్కి, తెర మీద మెరిసే చుక్కను నాకు చూపించారు. రిమోట్ పంపేది 940 నానోమీటర్ల దగ్గరి పరారుణ కిరణాలు. చుక్క మసగ్గా కనిపించింది అంటే లోపలి గాజు చాలా వరకు ఆపుతోంది, కొద్దిగా వదులుతోంది అని వివరించారు. తరువాత అడిగిన మొదటి ప్రశ్న, "బాబూ, దీనికి ఏ లెన్స్ వేసి వాడతారు?" అని. ఆ ప్రశ్న ఎంత ముఖ్యమైనదో నాకు అప్పుడు తెలియలేదు. తరువాత, "ఆ గాజు తీశాక మళ్ళీ పెట్టినా ఇప్పటిలా ఉండదు, ఇంట్లో అడిగి రండి" అని వెనక్కి పంపారు. పని కోసం తొందరపడని ఆ పద్ధతి చూసే కెమెరాను ఆయన చేతిలో పెట్టాలని నిర్ణయించుకున్నాను.

గాజు ఎంపిక గురించి కొంత చెప్పాలి. గాజుకు చెప్పే అంకె అది సుమారు ఏ తరంగదైర్ఘ్యం నుంచి పై వెలుగును లోపలికి వదులుతుందో చెబుతుంది. 590 నానోమీటర్ల గాజు వేస్తే ఎరుపు, నారింజ వెలుగు కూడా కొంత లోపలికి వస్తుంది. ఆకులను బంగారు పసుపులోకి తీసుకురావచ్చు. 850 నానోమీటర్ల గాజు వేస్తే రంగు అనేదే మిగలదు, నిక్కమైన నలుపు తెలుపు చిత్రం వస్తుంది. వీటి మధ్యది 720. నలుపు తెలుపుకూ సరిపోతుంది, కావాలంటే కొద్దిగా రంగూ ఇస్తుంది. ఏమీ ఆపని పారదర్శకమైన గాజు వేయించుకుని, అవసరాన్ని బట్టి లెన్స్ ముందు ఫిల్టర్లు మార్చుకునే దారి కూడా ఉంది. కానీ డీఎస్‌ఎల్‌ఆర్‌లో, అంటే లెన్స్ నుంచి వచ్చే బొమ్మను అద్దం ద్వారా వ్యూఫైండర్‌లో కంటికి చూపే 450డి వంటి కెమెరాలో, ముందు ముదురు ఫిల్టర్ బిగిస్తే వ్యూఫైండర్‌లో ఏమీ కనిపించదు. మళ్ళీ ట్రైపాడ్ దగ్గరికే వస్తాం. అందుకే 720 ఎంచుకున్నాను, పశ్చాత్తాపం లేదు. గాజు బయటి నుంచి తెప్పించడానికి మూడు వారాలు పట్టింది. దానికి 4,200 రూపాయలు, పనికి 3,500 రూపాయలు తీసుకున్నారు.

అసలు పరీక్ష కెమెరా చేతికి వచ్చాక మొదలైంది. మొదటి రోజు బీచ్ రోడ్డులో తీసిన చిత్రాల్లో దేనిలోనూ పదును లేదు. ఆకులు తెల్లగా వచ్చాయి, ఆకాశం నల్లబడింది, చూడగానే మనసు నిండింది. పెద్దది చేసి చూస్తే ఫోకస్ మాత్రం నేను పెట్టిన చెట్టుకు వెనుక ఎక్కడో ఉంది. దీనికి కారణం దుకాణం అజాగ్రత్త కాదు. లెన్స్ గాజు పరారుణ కిరణాలను మామూలు వెలుగు కంటే తక్కువగా వంచుతుంది. అందుచేత రెండూ ఒకే చోట కేంద్రీకృతం కావు. పాత లెన్సుల గొట్టం మీద దూరపు అంకెల పక్కన చిన్న ఎర్ర చుక్కో ఎర్ర గీతో ఉండేది. పరారుణ ఫిల్ము వాడేవారు ఆ గుర్తు దాకా చేత్తో జరుపుకోవాలని దాని అర్థం. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ కొలిచేది అద్దం కింద ఉన్న వేరే భాగం, అది కొలిచేది మామూలు వెలుగుతో. బొమ్మ పడేది సెన్సర్ మీద, పరారుణంతో. ఈ రెండింటినీ ఒక లెన్స్‌కు సరిపోయేలా మరలు తిప్పి కలపాలి. అందుకే ఆయన ముందే లెన్స్ గురించి అడిగారు.

రెండోసారి వెళ్ళినప్పుడు నా 18–55 మిల్లీమీటర్ల జూమ్ లెన్స్ తీసుకుని వెళ్ళాను. ఆయన మేడ మీది వరండాలో ఎండ పడే చోట ఒక స్టీలు స్కేలును ఏటవాలుగా పెట్టి, మధ్యలో ఒక అంకె మీద ఫోకస్ చేసి, ఫొటో తీసి, ఏ అంకె పదునుగా వచ్చిందో చూసి, లోపలికి వెళ్ళి మర కొద్దిగా తిప్పి, మళ్ళీ వచ్చి తీశారు. ఇలా పదమూడు సార్లు చేశారు. నేను లెక్కపెట్టాను. మధ్యలో భోజనానికి వెళ్ళి వచ్చారు, ఇద్దరు ఖాతాదారులను రేపు రమ్మన్నారు. ఇంటికి వచ్చి చూస్తే 18 నుంచి 35 మిల్లీమీటర్ల వరకు ఫోకస్ నిక్కచ్చిగా ఉంది. 55 దగ్గర కొంచెం జారుతోంది. ఎఫ్/8 పెట్టుకుంటే ఆ జారుడు కనిపించదు. ఆ మాట ఆయనే ముందుగా చెప్పారు, దాచలేదు. జూమ్ మొత్తానికీ ఒకే సవరణ సరిపోదని, మీరు ఎక్కువగా వాడే కొస దగ్గర సరిచేశానని అన్నారు. ఎపర్చర్‌ను ఎఫ్/11 దాటించవద్దని కూడా చెప్పారు. తరంగదైర్ఘ్యం పెద్దదయ్యే కొద్దీ చిన్న రంధ్రం వల్ల వచ్చే మసక త్వరగా మొదలవుతుంది కనుక అది సరైన సలహా.

మూడోసారి వెళ్ళింది దుమ్ము గురించి. ఆకాశంలో కుడివైపు పైన, ఒకే చోట, ప్రతి చిత్రంలోనూ ఒక చుక్క. పైపైన గాలి ఊదితే పోలేదు; అంటే కొత్త గాజుకూ సెన్సర్‌కూ మధ్య చిక్కుకుంది. దుమ్ము రాని ప్రత్యేకమైన గది లేని దుకాణంలో ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. దీన్ని నేను లోపంగానే లెక్కిస్తాను. ఆయన మారు మాట్లాడకుండా తీసుకుని మళ్ళీ విప్పి, రెండు రోజుల తరువాత ఇచ్చారు, డబ్బు అడగలేదు. పెద్ద చుక్క పోయింది. ఎఫ్/16 పెట్టి తెల్లటి గోడను తీస్తే ఎడమ మూలలో ఇంకో సన్నని చుక్క కనిపిస్తుంది. అంత చిన్న ఎపర్చర్‌తో నేను తీయను కనుక దాన్ని అలాగే వదిలేశాను. మొత్తం మీద మూడు సార్లు తిరగవలసి రావడం గాజువాక నుంచో మధురవాడ నుంచో వచ్చేవారికి చిన్న శ్రమ కాదు. కానీ ఇదే పనికి కెమెరాను ఇతర నగరానికి పార్సిల్ చేసి ఉంటే, ఆ పదమూడు సార్ల స్కేలు పరీక్ష నా లెన్స్‌తో, నా కళ్ళ ముందు జరిగేది కాదు.

ఈ పనిని ఇంట్లో సొంతంగా చేసుకోవచ్చనే వీడియోలు చాలా ఉన్నాయి. చేయవద్దని గట్టిగా చెబుతాను. ఫ్లాష్ ఉన్న కెమెరాలో బ్యాటరీ తీసేసిన తరువాత కూడా కెపాసిటర్‌లో (విద్యుత్తును నిలవ ఉంచే భాగంలో) 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారి అక్కడ తగిలితే ప్రాణానికే ప్రమాదం. ఆయన కెమెరా విప్పగానే మొదట చేసిన పని ఆ కెపాసిటర్‌ను ఖాళీ చేయడం.

వాడకం విషయానికి వస్తే, వ్యూఫైండర్‌లో చూసినంతసేపూ ఇది మామూలు కెమెరాయే. వెలుగు కొలిచే మీటరు మాత్రం నమ్మదగినది కాదు. అది కొలిచేది కనిపించే వెలుగు. ఆకులు ఎక్కువగా ఉన్న చోట పరారుణం దాని అంచనాకు మించి ఉంటుంది, సిమెంటు గోడల మధ్య తక్కువగా ఉంటుంది. ఒక ఫొటో తీసి, అందులో వెలుగు చీకట్ల పంపకాన్ని గీసి చూపే హిస్టోగ్రామ్ చూసుకుని సవరించుకోవాలి. లైవ్ వ్యూ పెట్టుకుంటే సెన్సరే కొలుస్తుంది, ఫోకస్ కూడా పది రెట్లు పెద్దది చేసి చేత్తో సరిచేసుకోవచ్చు. అప్పుడు ఏ లెన్స్ వేసినా పైన చెప్పిన ఫోకస్ చిక్కు ఉండదు. కాకపోతే మధ్యాహ్నపు ఎండలో ఆ పాత తెర సరిగా కనిపించదు, బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. నేను రెండు బ్యాటరీలు, తెర మీద కప్పుకోవడానికి ఒక నల్ల గుడ్డ వెంట తీసుకువెళుతున్నాను.

కెమెరా నుంచి నేరుగా వచ్చే చిత్రం కుంకుమ నీళ్ళలో ముంచినట్టు ఎర్రగా ఉంటుంది. పచ్చగడ్డిని ఎండలో ఒక ఫొటో తీసి, దాన్నే వైట్ బ్యాలెన్స్‌కు (ఏది తెలుపో కెమెరాకు చెప్పే అమరికకు) ఆధారంగా పెట్టుకుంటే ఆకులు తెల్లబడతాయి, ఆకాశం ఇటుక రంగులోకి వస్తుంది. తప్పనిసరిగా రా ఫైలుగానే, అంటే సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే ఫైలుగానే తీయాలి. ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో వైట్ బ్యాలెన్స్ 2000 కెల్విన్ కంటే కిందికి దిగదు, పరారుణానికి అది చాలదు. దీనికోసం కెమెరా ప్రొఫైల్ ఒకటి విడిగా తయారు చేసుకోవాలి. కెనాన్ వారి సొంత సాఫ్ట్‌వేర్ కెమెరాలో పెట్టిన వైట్ బ్యాలెన్స్‌ను ఉన్నదున్నట్టు గౌరవిస్తుంది కాబట్టి నేను ముందు అందులో తెరిచి, తరువాత గింప్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లో ఎరుపు, నీలం చానళ్ళను తారుమారు చేస్తాను. ఇటుక రంగు ఆకాశం నీలమవుతుంది. ఇది చాలామందికి నచ్చే పద్ధతే గానీ, పది చిత్రాలు చూసేసరికి నాకు విసుగు పుట్టింది. ఇప్పుడు తొంభై శాతం నలుపు తెలుపులోనే ఉంచుతున్నాను.

ఆకు ఎందుకు తెల్లబడుతుంది అన్నది తెలిస్తే ఏది తీయాలో, ఏది తీయకూడదో తేలికగా తెలుస్తుంది. పత్రహరితం ఎరుపు, నీలం వెలుగులను మింగుతుంది, పరారుణాన్ని మింగదు. ఆ వెలుగు ఆకు లోపలికి వెళ్ళి, కణాల గోడలకూ వాటి మధ్యనున్న గాలి ఖాళీలకూ తగిలి చెదిరి, దాదాపు సగం మళ్ళీ బయటికి వచ్చేస్తుంది. ఇలాంటి చిత్రాలను 1910లో ప్రచురించిన రాబర్ట్ వుడ్ పేరు మీద దీన్ని వుడ్ ప్రభావం అంటారు. మన దేశంలో 1970 ప్రాంతంలో శాస్త్రవేత్త పి.ఆర్. పిషారోటి గారి బృందం కేరళ కొబ్బరి తోటలను హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ము మీద తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించింది కూడా ఈ లక్షణం ఆధారంగానే. దూరగ్రహణ శాస్త్రానికి (రిమోట్ సెన్సింగ్‌కు) ఇక్కడ అది తొలి అడుగు. ఆకాశం నల్లబడటానికి కారణం వేరు. గాలిలోని అణువులు నీలాన్ని ఎక్కువగా, పరారుణాన్ని అతి తక్కువగా చెదరగొడతాయి. నీరు పరారుణాన్ని పీల్చుకుంటుంది కాబట్టి సముద్రం కూడా నల్లబడుతుంది, నురగ మాత్రం పాల తెలుపులో ఉంటుంది.

ఈ మూడూ కలిసే చోటు కావాలంటే విశాఖను మించిన ఊరు నాకు తెలియదు. కొండ, చెట్టు, నీరు ఒకే చట్రంలో ఒదుగుతాయి. కైలాసగిరి మీది నుంచి డాల్ఫిన్స్ నోస్ వైపు చూస్తే తీరం పొడవునా తెల్లని చెట్ల పట్టీ, దాని పక్కనే నల్లని సముద్రం, మధ్యలో నురగ గీత. మామూలు ఫొటోలో ఆ దూరపు కొండను పొగమంచు లాంటి తెర కప్పేస్తుంది. పరారుణంలో కొండ అంచు తేటగా వచ్చింది. కానీ అన్ని రోజులూ రాలేదు. గాలిలో తేలే ఉప్పు తుంపర కణాలు, పొగమంచు బిందువులు పరారుణ తరంగాల కంటే పెద్దవి. అవి అన్ని వెలుగులనూ ఒకేలా చెదరగొడతాయి. అలలు పెద్దవిగా ఉండి తుంపర లేచిన రోజున ఈ కెమెరాకూ మామూలు కెమెరాకూ తేడా లేదు. వాన వెలిసిన మర్నాడు మాత్రం అద్భుతంగా ఉంటుంది.

అదే కైలాసగిరి మీది శివపార్వతుల విగ్రహాలు నిరాశపరిచాయి. విగ్రహాలు తెల్లనివి, వెనక చెట్లూ తెల్లబడ్డాయి, రెండూ కలిసిపోయాయి. బాగా కిందికి వంగి, వెనక ఆకాశం ఒక్కటే వచ్చేలా తీస్తే గానీ విగ్రహం విడివడలేదు. ఎర్రమట్టి దిబ్బలూ అంతే. ఆ దిబ్బల అందమంతా ఎరుపులో ఉంది. పరారుణంలో ఎర్రమట్టి లేత బూడిద రంగుకు పాలిపోయి, మీద ఉన్న జీడిమామిడి పొదలతో కలిసి ఒకే ముద్దగా కనిపించింది. అక్కడికి ఈ కెమెరా తీసుకువెళ్ళవద్దు. భీమిలిలోని డచ్చివారి సమాధులు మాత్రం ఈ కెమెరా కోసమే కట్టినట్టున్నాయి. 17వ శతాబ్దం నాటి ఆ కట్టడాలు వానలకు నల్లబడి ఉన్నాయి, చుట్టూ గడ్డి తెల్లబడింది, మీద ఆకాశం చీకటి. తొట్లకొండలో ఇటుక, రాతి పునాదులు గడ్డి మధ్య గీసిన పటంలా విడివిడిగా వచ్చాయి. 1970లలో నౌకాదళం వారి విమాన సర్వేలో బయటపడిన ఆ బౌద్ధ స్థలాన్ని ఆ రోజు పైనుంచి చూసినవారికి ఎలా కనిపించిందో కొంత ఊహించగలిగాను.

అన్ని ఆకులూ ఒకే తెలుపు కాదు. బాదం చెట్టు, కొబ్బరి, రావి మెరిసిపోతాయి. సరుగుడు అంత మెరవదు; ఆ సన్నని రెమ్మల నడుమ నీడ ఎక్కువ, బూడిద కలిసిన తెలుపు వస్తుంది. నాకు అదే ఎక్కువ నచ్చింది. భీమిలి దారిలో ఒక సరుగుడు తోట అంచున, గాలి బలంగా ఉన్న మధ్యాహ్నం, సెకనులో 250వ వంతులో తీసిన చిత్రంలో ప్రతి రెమ్మా సముద్రానికి వీపు పెట్టి ఒకే వైపుకు వంగి ఉంది, ప్రతి రెమ్మ కొసా లెక్కపెట్టవచ్చు. ఫిల్టర్ రోజుల్లో ఇదే తోటలో నాకు దొరికింది తెల్లటి పొగ. ఆ చిత్రాన్ని పెద్దగా ముద్రించి దుకాణం ఆయనకు ఇచ్చాను. ఆయన దాన్ని బల్ల వెనక గోడకు తగిలించారు. చూసినవాళ్ళు లంబసింగిలో మంచు కురిసిన రోజా అని అడుగుతున్నారట.

ఎండాకాలంలో ఒక సంగతి గమనించాను. ఎండిన గడ్డి కూడా పరారుణంలో తెల్లగానే ఉంటుంది. మార్చి వచ్చేసరికి కంబాలకొండ వైపు వాలుల్లో పచ్చనిదీ ఎండినదీ తేడా తెలియడం లేదు. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి జనవరి దాకా ఈ కెమెరాకు మంచి కాలం. అక్టోబరు అంటే ఈ ఊరివారికి ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళిన మర్నాడు ఇదే 450డితో మా వీధిని, ఆకు అనేది లేని కొండలను తీశాను. అప్పటి ఫైళ్ళు నా దగ్గర ఉన్నాయి. మొన్న అదే మేడ మీది నుంచి, అదే లెన్స్‌తో, అదే కొండను పరారుణంలో తీశాను. ఆకు ఉన్న చోటల్లా తెలుపు కాబట్టి ఎక్కడ చెట్టు తిరిగి వచ్చిందో, ఎక్కడ ఇల్లు వచ్చిందో చిత్రమే విడదీసి చూపించింది. పాత కెమెరాను అమ్మకుండా ఉంచుకున్నందుకు ఆ ఒక్క రోజు చాలా సంతోషించాను.

మనుషుల చిత్రాల గురించి రెండు మాటలు. చర్మం పాలరాయిలా నునుపుగా, కళ్ళు నల్లగా వస్తాయి. కొందరికి బాగుంటుంది, మా అమ్మాయికి తన ఫొటో చూస్తే భయం వేసింది. నల్ల బట్టలు చాలా వరకు లేత రంగుకు మారతాయి, పలచని నైలాను బట్టలు ఇంకా పలచగా కనిపించవచ్చు. కాబట్టి ముందుగా చెప్పి, ఒప్పుకున్నవారిని మాత్రమే తీయాలి. బీచ్‌లో అపరిచితుల వైపు ఈ కెమెరా తిప్పడం మర్యాద కాదు.

లెన్సుల విషయంలో ముందే జాగ్రత్తపడాలి. కొన్ని లెన్సుల లోపలి పూతలు పరారుణం కోసం చేసినవి కావు; చిత్రం నడిమధ్యలో గుండ్రని తెల్లటి మచ్చ పడుతుంది, ఎపర్చర్ చిన్నది చేసే కొద్దీ మచ్చ గట్టిపడుతుంది. మామూలు ఫొటోల్లో నాకు ఎంతో ఇష్టమైన ఒక పాత లెన్స్ దీనివల్ల ఈ కెమెరాకు పనికిరాకుండా పోయింది. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18–55లో ఆ మచ్చ నాకు కనిపించలేదు. సూర్యుడు పక్కనుంచి తగిలినా మెరుపు మరకలు మామూలు కంటే ఎక్కువగా వస్తాయి, అందువల్ల లెన్స్‌కు ఎండ తగలకుండా ముందు బిగించే హుడ్ తప్పనిసరి.

ఇప్పటికే బీరువాలో ఒక డీఎస్‌ఎల్‌ఆర్ ఉండి, దానికి ఇష్టంగా వాడే లెన్స్ ఒకటి ఉన్నవారికి ఈ పని నిస్సంకోచంగా చేయించుకోమని చెబుతాను. మార్పిడి కోసమే పాత కెమెరా కొనాలనుకునేవారు మాత్రం డీఎస్‌ఎల్‌ఆర్ కొనవద్దు, అద్దం లేని పాత మిర్రర్‌లెస్ కెమెరా చూసుకోవాలి. అందులో ఫోకస్, వెలుగు కొలత రెండూ సెన్సరే చేస్తుంది, కళ్ళ ముందు కనిపించేదే బొమ్మగా వస్తుంది. నా మూడు తిరుగుళ్ళలో ఒకటి మీకు తప్పుతుంది. ఎవరి దగ్గర చేయించినా కెమెరాతో పాటు వాడే లెన్స్ కూడా ఇవ్వండి. లెన్స్ అడగని చోట కెమెరా ఇవ్వకండి. గాజు మందం తీసిన పాత గాజుకు సరిపోతుందా అని, దుమ్ము చిక్కుకుంటే మళ్ళీ విప్పి శుభ్రం చేస్తారా అని ముందే మాట తీసుకోండి. నాకు ఖర్చయిన 7,700 రూపాయలు ఒక మధ్యరకం ట్రైపాడ్ ఖరీదు. ఆ ట్రైపాడ్ ఇప్పుడు నేను బయటికి తీయడం లేదు.